లేని కాలు తొక్కిన బ్రేకు

దాలినాయుడు ఇరవై రెండేళ్లు లారీ తోలాడు. అయినా సారమ్మ టీచరు అతన్ని మైదానం దాటి రోడ్డెక్కనివ్వడం లేదు. వచ్చి అప్పటికి పన్నెండు రోజులైంది.

విజయనగరం ఊరి చివర, కాళ్లు పోయినవాళ్లకు పెట్టుడు కాళ్లు చేసి అమర్చే కేంద్రం ఒకటుండేది. దాని వెనక పెద్ద ఖాళీ స్థలం. పొద్దున ఏడింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి సారమ్మ అక్కడ కారు నడపడం నేర్పేది. చేతులతోనే నడిపేలా మార్పించిన పాత తెల్ల కారు అది. గేర్లు మార్చే పని లేదు. స్టీరింగు కింద ఎడమపక్కన జానెడు పొడవు లివరు ఉంటుంది. ముందుకు తోస్తే బ్రేకు. తనవైపు లాగితే వేగం. కుడిచేత్తో తిప్పుకోవడానికి స్టీరింగు మీద గుండ్రటి పిడి ఒకటి బిగించారు. అంతే.

సారమ్మకు అరవై దగ్గరపడుతున్నాయి. రెండో ఏట పోలియో వచ్చి రెండు కాళ్లూ సన్నబడిపోయాయి. చంకకర్రల మీద నడుస్తుంది. ముప్పై ఏళ్లుగా ఇలాంటి కార్లే నడుపుతోంది. మైదానంలో పాఠం చెప్పేటప్పుడు పక్క సీట్లో కూర్చుని, నడిపేవాళ్ల ఒడివైపు తల దించుకుని ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు ఆవిడ కునుకు తీస్తోందనుకునేవారు. దాలినాయుడూ అలాగే అనుకున్నాడు.

అతనిది సాలూరు. ఘాట్ రోడ్డెక్కి రాయపూర్ దాకా సరుకు తీసుకెళ్లినవాడు. ఏడాది కిందట మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కన లారీ ఆపి టైరు మారుస్తుంటే, వెనక నుంచి వచ్చిన మరో బండి గుద్దేసింది. కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. ఎడమకాల్లో రాడ్లు వేశారు. దాని మీద నిలబడగలడు గాని, గట్టిగా నొక్కే బలం దానికి లేదు.

"ఇన్నేళ్లలో నా చక్రం కింద కోడిపిల్ల కూడా పడలేదు" అని అతను అందరికీ చెప్పుకునేవాడు. అది నిజమే.

కాలు పోయాక ఎక్కడికెళ్లాలన్నా బావమరిది మోటారు సైకిలే దిక్కు. జారిపోకుండా బావమరిది తువ్వాలుతో నడుముకు కట్టుకుని తీసుకెళ్లేవాడు. సాలూరు బజార్లో నలుగురూ తనని అలా చూడటం దాలినాయుడికి చచ్చేంత సిగ్గుగా ఉండేది. భార్య అప్పలనరసమ్మ ఏదో ఆలోచించి, ఉన్న కాస్త బంగారం అమ్మి ఒక పాత కారు కొనిపించింది. దానికీ ఇలాంటి లివరే బిగించారు. వెనక సీటు తీసేసి ఉల్లిపాయలు, ఎండుమిరపకాయలు వేసుకుని, ఇద్దరూ కొండకింద ఊళ్ల వారం సంతలకు తిరుగుదామని వాళ్ల ఆలోచన. ఆ కారు ఇంటి ముందు నిలబడి ఉంది. అప్పలనరసమ్మ రోజూ దాన్ని తుడుస్తోందట. ఎప్పుడొస్తావని ఫోన్లో అడుగుతోంది.

దాలినాయుడు లివరు సంగతి మొదటి రోజే పట్టేశాడు. రెండో రోజు ఎనిమిది అంకె వేశాడు. మూడో రోజు, రెండు డ్రమ్ముల మధ్య ఇటు బెత్తెడు అటు బెత్తెడు వదిలి వెనక్కి తెచ్చి పెట్టాడు. చూస్తున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. సారమ్మ బాగుందంది. మర్నాడు మళ్లీ మైదానంలోనే తిప్పమంది.

అతని తర్వాత వారానికి ఇందుమతి అని ఒకమ్మాయి వచ్చింది. సహకార బ్యాంకులో గుమాస్తా. ఆమెకూ చిన్నప్పుడే కాళ్లు పోయాయి. అంతవరకు సైకిలైనా ఎక్కి ఎరగదు. బండి కదిలితే చాలు, కళ్లు పెద్దవి చేసుకుని, "తోస్తే ఆగు, లాగితే సాగు" అని పైకే గొణుక్కుంటూ నడిపేది. ఆ గొణుగుడు వింటే దాలినాయుడికి నవ్వొచ్చేది. అలాంటి ఇందుమతిని, అతను వచ్చిన పన్నెండో రోజున సారమ్మ రోడ్డు మీదికి తీసుకెళ్లింది.

ఆ సాయంత్రం దాలినాయుడు ఉండబట్టలేక అడిగేశాడు.

"నేను ఏటి తప్పు చేస్తున్నానో చెప్పండి టీచరుగారూ."

సారమ్మ చంకకర్రలు సర్దుకుంటూ, "రేపు ఆ అమ్మాయి నడిపేటప్పుడు వెనక సీట్లో కూర్చో" అంది.

మర్నాడు కూర్చున్నాడు. కారు నడిపేటప్పుడు పెట్టుడు కాలు అడ్డమని విప్పి పక్కన పెట్టడం అక్కడి అలవాటు. వెనక సీట్లో కూర్చునేవాడికి ఆ అవసరం లేదు గాని, అతను విప్పేసే కూర్చున్నాడు. ఖాళీగా ఉన్న పంట్లాం కాలు మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు.

ఇందుమతి ముప్పై దాటకుండా పోతోంది. గొణుగుడు ఆగలేదు. కంకర రోడ్డు మలుపులో చెత్తకుప్ప వెనక నుంచి కుక్క ఒకటి అడ్డంగా పరుగెత్తింది. ఇందుమతి లివరు మొత్తం తోసేసింది. కారు గుర్రంలా ఎగిరిపడి ఆగింది. కుక్క వెళ్లిపోయింది.

వెనక దాలినాయుడు పళ్లు బిగబట్టాడు. తెగిన తొడ చివర ముందు సీటుకు గట్టిగా కొట్టుకుంది. ప్రాణం పోయినంత పనైంది. సారమ్మ అద్దంలోంచి ఒక్కసారి అతన్ని చూసి, మళ్లీ రోడ్డు చూసింది.

తిరిగొచ్చాక, ఏం చూశావని అడిగింది.

"బండిని కుదిపేసింది టీచరుగారూ. అలా ఆపితే లోపలున్నోళ్ల నడుములు విరిగిపోతాయి."

"ఆగిందా?"

"ఆగిందనుకోండి, కానీ..."

"ఆగింది కదా" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

దాలినాయుడికి ఒళ్లు మండింది. కూతురి వయసు పిల్ల నడుపుతుంటే వెనక కూర్చోబెట్టడం ఒకటి, తను అన్న మాట ఇలా తీసిపారేయడం ఒకటి. ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకుని వచ్చాడు. తనకు వచ్చినంత చాలనీ, పదింటి బస్సుకు సాలూరు వెళ్లిపోతున్నాననీ చెప్పాడు. రాబోయే బుధవారం సంతకు బండి తీస్తానని కూడా అన్నాడు. లైసెన్సు సంగతి తర్వాత చూసుకోవచ్చు, తనని ఆపే పోలీసు ఆ దారిలో ఎవడూ లేడు.

సారమ్మ వద్దనలేదు. ఆ సంతలో జనం బాగానే ఉంటారా అని మాత్రం అడిగింది. ఇసుకేస్తే రాలదు, పిల్లలూ మేకలూ అన్నీ రోడ్డు మీదే అని చెప్పాడు దాలినాయుడు.

"సరే. వెళ్లేముందు ఒక్క చుట్టు తిప్పు. నేనూ ఎక్కుతాను."

అతను కాలు విప్పి వెనక పెట్టి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. సారమ్మ పక్కన కూర్చుని, రోజూ వెనక్కి వేసే చంకకర్రల్లో ఒకటి తన దగ్గరే ఉంచుకుంది. కిటికీ అద్దం దించింది. దాలినాయుడు అది గమనించలేదు.

మైదానంలో బండి నెమ్మదిగా పోతోంది. ఘాట్ మీద అంత బరువుతో ఎలా దిగేవాళ్లని ఆవిడ అడిగింది. ఇన్నాళ్లలో ఆవిడ అతని లారీ గురించి అడగడం అదే మొదటిసారి. దాలినాయుడి మొహం విప్పారింది. ఒక వానాకాలం కొండచరియ జారి రోడ్డుకు అడ్డం పడినప్పుడు, పదహారు టన్నుల బియ్యంతో రివర్సులో రెండు మలుపులు ఎలా ఎక్కించాడో మొదలుపెట్టాడు. కిందకి చూస్తే లోయ. క్లీనరు భయపడి దూకేశాడు. తను మాత్రం అద్దంలో వెనక చక్రం మీంచి చూపు తిప్పలేదు. అలా చెప్పుకుపోతూ ఉంటే బండి ఇరవై దాకా అందుకుంది.

సారమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి చంకకర్రను బల్లెంలా ముందుకు విసిరింది.

అది కారుకు నాలుగు బారల ముందు పడి, దొర్లి, చక్రాల దారిలో అడ్డంగా ఆగింది. దాలినాయుడు చూశాడు. చూసిన మరుక్షణం బ్రేకు తొక్కాడు. కారు ఆగలేదు. ఎగిరి ముందుకు దూకింది. కింద కర్ర పెళపెళ విరిగిన చప్పుడైంది. సారమ్మ రెండు సీట్ల మధ్యనున్న హ్యాండ్ బ్రేకు లాగి, తాళం తిప్పి ఇంజను ఆపేసరికి బండి ఈడ్చుకుంటూ పోయి ఆగింది.

దుమ్ము వాళ్ల మీంచే పోయింది. 

"చెప్పకుండా విసిరేశారేటండీ" అన్నాడు దాలినాయుడు.

"సంతలో చెప్పి అడ్డం వస్తారా?"

అతను కిటికీలోంచి వెనక్కి, విరిగిన కర్ర వైపు చూశాడు.

"ఎందుకు ఆపలేదు నాయుడూ?"

"తొక్కాను టీచరుగారూ. గట్టిగానే తొక్కాను బ్రేకు."

"దేంతో?"

దాలినాయుడు కిందికి చూసుకున్నాడు. మడిచి పిన్నీసు పెట్టిన పంట్లాం ముడి ఇంకా కిందికి నొక్కి ఉంది. తొడ కండ రాయిలా బిగుసుకుని వణుకుతోంది. ఎడమచెయ్యి చూసుకున్నాడు. లివరును బ్రేకు వైపు తోయాల్సిన చెయ్యి, దాన్ని పట్టుకుని గుండెల దగ్గరికి లాక్కుని ఉంది.

వేళ్లు ఒక్కొక్కటీ విప్పుకున్నాడు.

చాలాసేపటికి దిగి, వెనక నుంచి కాలు తీసి తొడుక్కుని, విరిగిన ముక్కలు ఏరుకొచ్చాడు. మూడు ముక్కలు. చంకలో పెట్టుకునే చోట చుట్టిన గుడ్డ నల్లగా నిగనిగలాడుతోంది. పదకొండేళ్లు వాడిందట. స్టోర్లో కొత్తవి ఉన్నాయి, ఒకటి తెమ్మని చెప్పు, అంది సారమ్మ, అదేమంత పెద్ద విషయం కాదన్నట్టు. అతను తెచ్చిచ్చాడు. అది ఆవిడకు అంగుళం ఎత్తెక్కువైంది. తనే కింద కూర్చుని, మొన కోసి, రబ్బరు బిళ్ల తిరిగి బిగించాడు.

అలా కింద కూర్చుని ఉన్నప్పుడే, ఎవరికీ చెప్పని మాట చెప్పాడు. ఆ కాలు తనకింకా ఉన్నట్టే ఉంటుందనీ, ఒక్కోసారి బొటనవేలు దురద పెడితే గోక్కోవడానికి చెయ్యి పెట్టేసరికి అక్కడ మంచమే తగులుతుందనీ చెప్పాడు. భార్యతో అంటే పిచ్చెక్కిందనుకుంటుందని అనలేదట. లారీ ఎక్కిన కలలో అయితే రెండు కాళ్లూ ఉంటాయట.

సారమ్మ అంతా విని, తన సంగతి చెప్పింది. ఆవిడ కాళ్లు ఏనాడూ ఏ బ్రేకూ తొక్కి ఎరగవు. ఇందుమతివీ అంతే. అందుకే వాళ్ల చేతులకు వేరే దారి తెలియదు. మొదటి రోజు బండి ముందుకు ఒక కోడి వచ్చినప్పుడే దాలినాయుడి తొడ లేవడం ఆవిడ చూసింది. ఆ రోజు బండి నడక వేగంలో ఉంది కాబట్టి కోడి బతికిపోయింది. అది అతను గమనించనే లేదు. ఇన్ని రోజులూ ఆవిడ తల దించుకుని చూసింది దాన్నే.

"మొదటి రోజే చెప్పకపోయారా?" అన్నాడు.

"చెబితే నమ్మేవాడివా?"

అతను కాస్త ఆలోచించి, నమ్మేవాణ్ని కాదన్నాడు.

పదింటి బస్సు వెళ్లిపోయింది. ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. తనకు తెలియదంది సారమ్మ. తన దగ్గరికొచ్చిన ఒకతనికి నెల పట్టింది. ఇంకొకతనికి ఎన్నాళ్లైనా రాలేదు. అతను బండి ఆలోచన మానుకుని కొట్టు పెట్టుకున్నాడు. అది విని దాలినాయుడు భార్యకు ఫోన్ చేశాడు. బుధవారం రావడం లేదని చెప్పాడు. ఎందుకని అడిగితే, తనకింకా నడపడం రాలేదన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో బండి తోలడం గురించి అతని నోట ఆ మాట విని ఎరగని అప్పలనరసమ్మ, ఒంట్లో బాగానే ఉందా అని రెండుసార్లు అడిగింది.

మర్నాడు అతను ఇందుమతి దగ్గరికి వెళ్లాడు. ఒక సాయం కావాలన్నాడు. గోనెసంచిలో గడ్డి కుక్కి, తాడు కట్టి, షెడ్డు వెనక కూర్చుని, తనకు తోచినప్పుడు దాన్ని బండి ముందుకు లాగమని అడిగాడు. ఎప్పుడు లాగుతున్నదీ తనకు తెలియకూడదు. ఆమె సరేనంది. కాస్త తటపటాయించి, మీరూ నాలా పైకి అనుకుంటే పోతుందేమో అంకుల్, అంది. దాలినాయుడు ఈసారి నవ్వలేదు.

మొదటి రోజు సంచి మీంచి తొమ్మిదిసార్లు ఎక్కించాడు. రెండో రోజూ అంతే. చెయ్యి ఏం చెయ్యాలో అతనికి తెలుసు, మెలకువగా ఉన్నంతసేపూ చేస్తుంది. ఉన్నట్టుండి సంచి వచ్చిందంటే మాత్రం చెయ్యి కంటే ముందు కాలు లేస్తుంది. సంచి చిరిగి గడ్డి మైదానమంతా చెదిరింది. ఇందుమతి ఇంకో సంచి తెచ్చింది. బ్యాంకుకు వెళ్లేముందు గంట, వచ్చాక గంట ఆమె తాడు పట్టుకుని కూర్చునేది. ఒకరోజు అసలు లాగలేదు. ఆ రోజు గంటసేపు దాలినాయుడు ఒళ్లంతా చెమటతో తడిసిపోయాడు. దిగాక, ఇవాళ ఎందుకు లాగలేదమ్మా అని అడిగాడు. మీరు ఎదురుచూస్తున్నారు కదా అంకుల్, అందుకే లాగలేదు, అంది ఆమె. సారమ్మ ఆ మాట విని మొదటిసారి ఆ పిల్ల భుజం తట్టింది.

మూడు వారాలకు చెయ్యీ కాలూ కలిసి లేవడం మొదలైంది. అప్పుడు సంచి సగం సార్లు బతికేది. మధ్యలో ఒక వారం మళ్లీ మొదటికొచ్చింది. తొడ చివర పుండు పడితే నాలుగు రోజులు ఆగాల్సొచ్చింది. ఆ నాలుగు రోజులూ మంచం మీద కూర్చుని ఎడమచెయ్యి ముందుకు తోసుకుంటూ ఉండేవాడు. కేంద్రంలో అతను ఉంటున్న గదిలోవాళ్లు ఏమిటని అడిగితే, వ్యాయామం అని చెప్పేవాడు.

ఒక పొద్దున సంచి వచ్చింది, కారు ఆగింది. దాలినాయుడు ఏదో చెబుతూ ఉన్నాడు, చెబుతూనే ఉన్నాడు. మాట మధ్యలో గమనించి ఆగిపోయాడు. సంచి బంపరుకు మూరెడు దూరంలో ఉంది.  షెడ్డు వెనక నుంచి ఇందుమతి తల బయటపెట్టి చూసి, మళ్లీ లోపలికి తీసుకుంది.

తర్వాత ఇంకో పద్దెనిమిది రోజులు సంచి లాగించుకున్నాడు. ఎవరూ చెప్పలేదు. తనే అడిగాడు. రోడ్డెక్కుతానని మాత్రం అడగలేదు. సారమ్మే ఒక ఉదయం, గజపతినగరం వైపు పోనిమ్మంది.

కోతలు అయిపోయిన రోజులు. రోడ్డుకు ఒకపక్క తారు మీదే వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా రాళ్లు వరసగా పేర్చారు. మిగిలిన సగంలోంచే వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ. దాలినాయుడు ముప్పై ఐదులో పోతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఏమంటున్నాడో పైకి వినిపించడం లేదు.

ఒక ఊరు దాటుతుండగా, గడ్డి వేసుకుని ఆగి ఉన్న ట్రాక్టరు వెనక నుంచి దూడ ఒకటి తాడు ఈడ్చుకుంటూ రోడ్డు మీదికి దూకింది. దాని వెనకే ఒక ముసలమ్మ, తాడు కోసం వంగి, బండి వైపు చూడకుండా.

కారు కుదిపి ఆగింది. సారమ్మ డాష్‌బోర్డుకు చెయ్యి ఆనించుకుంది. వెనక సీట్లో పెట్టిన పెట్టుడు కాలు జారి కింద పడింది. దూడ బెదిరి అక్కడే నిలబడిపోయింది. ముసలమ్మ తాడు దొరకబుచ్చుకుని, లేచి, అప్పుడు చూసింది. కారుకూ ఆవిడకూ మధ్య ఒక మనిషి పట్టేంత జాగా. ఆవిడ బండివైపు చేత్తో ఒక దణ్ణం లాంటిది పెట్టి, దూడను తిట్టుకుంటూ లాక్కుపోయింది.

దాలినాయుడి ఎడమచెయ్యి లివరును చివరిదాకా తోసి అలాగే ఉంది. మోచెయ్యి సాగిపోయి ఉంది. ముసలమ్మ ఇంటి సందులోకి తిరిగేదాకా అతను ఆవిడనే చూస్తూ ఉన్నాడు. కళ్లు తుడుచుకోవడానికి కుడిచెయ్యే వాడాడు.

"కాలు కూడా లేచింది టీచరుగారూ" అన్నాడు, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"చెయ్యి?"

"దానికంటే ముందే వెళ్లింది."

వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. సారమ్మ వెనక్కి తిరిగి చూసి, సీట్లో సర్దుకుని కూర్చుంది.

"అయితే పోనీ" అంది.

దాలినాయుడు లివరును మెల్లగా తనవైపు లాగాడు.